తేదీ మన చేతిలో ఉన్న ఆపరేషన్

హెల్త్ చెకప్‌కని వెళ్లిన మనిషి చేతికి స్కానింగ్ రిపోర్టు వస్తుంది. చివర్లో ఒక వాక్యం ఉంటుంది: పిత్తాశయంలో రాళ్లున్నాయి. అప్పటిదాకా కడుపునొప్పి ఎలా ఉంటుందో ఎరగనివారికి కూడా అక్కడి నుంచి కంగారు మొదలవుతుంది. ఇంటికి చేరేసరికి బావమరిది ఒక ఆసుపత్రి పేరు చెబుతాడు, పక్కింటివారు ఇంకో డాక్టరు పేరు చెబుతారు. ‘రేపు అడ్మిట్ అయిపోండి, ఎల్లుండి ఇంటికి పంపించేస్తాం’ అని ఫోనొస్తుంది. మూడో రోజుకల్లా ఆపరేషన్ అయిపోతుంది. అసలు ఆపరేషన్ అవసరమా, చేసేది ఎవరు, మత్తు ఇచ్చేది ఎవరు, ఒళ్లు దానికి సిద్ధంగా ఉందా అన్న నాలుగు ప్రశ్నలు మాత్రం ఎవరి నోటా రావు.

రోడ్డు ప్రమాదం, పగిలిన అపెండిక్స్, అడ్డం తిరిగిన కాన్పు లాంటి వాటిలో ఆలోచించే వ్యవధి ఉండదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రే దిక్కు, అక్కడున్న డాక్టరే దేవుడు. హెర్నియా, కంటిశుక్లం, మోకాలి మార్పిడి, గర్భసంచి తొలగింపు, పిత్తాశయం రాళ్లు అలాంటివి కావు. వీటిలో చాలావరకు తేదీ ముందే పెట్టుకుంటారు. ఆ తేదీకి ముందున్న కొన్ని వారాలే రోగికి ఉన్న అతిపెద్ద రక్షణ. మనవాళ్లలో చాలామందికి ఆ వ్యవధి కాస్తా డబ్బు సర్దుకోవడానికి, సెలవు పెట్టుకోవడానికి, మంచిరోజు చూసుకోవడానికే చెల్లిపోతుంది. దాన్ని ఎలా వాడుకోవచ్చో తెలియాలంటే పిత్తాశయం ఆపరేషన్‌ని దగ్గరగా చూస్తే చాలు. చూడడానికి చిన్నదే అయినా, ఆపరేషన్ల గురించి వైద్యలోకం నేర్చుకున్న పెద్ద పాఠాల్లో కొన్ని దీని నుంచే వచ్చాయి.

కాలేయం రోజంతా పైత్యరసాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. దాన్ని చిక్కబరిచి దాచుకుని, నూనె, నెయ్యి పడ్డ భోజనం లోపలికి చేరగానే పేగులోకి వదిలే చిన్న సంచి పిత్తాశయం. అందులో ఎక్కువగా కొలెస్ట్రాలే గడ్డకట్టి రాళ్లవుతుంది. రాయి సంచి మెడ దగ్గర ఇరుక్కున్నప్పుడు నొప్పి పుడుతుంది. పక్కటెముకల కింద కుడివైపునో పొట్ట పైభాగాన నడిమధ్యనో మొదలై, కుడి రెక్క వెనక్కి పాకుతుంది. తరచుగా భోజనం తర్వాత వస్తుంది, అరగంట నుంచి కొన్ని గంటలదాకా పట్టి ఉంచుతుంది. తేన్పులు, కడుపు ఉబ్బరం, గుండెల్లో మంట ఈ లెక్కలోకి రావు. గ్యాస్ తిప్పలకని స్కాన్ తీయిస్తే యాదృచ్ఛికంగా రాళ్లు బయటపడిన మనిషికి పిత్తాశయం తీసేసినా ఆ గ్యాస్ అలాగే ఉండిపోవచ్చు.

నొప్పి లేని రాళ్లను ఏం చేయాలి? అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే 123 మంది పిత్తాశయాల్లో పరీక్షల సందర్భంగా రాళ్లు కనబడ్డాయి. వారిలో ఎవరికీ అప్పటికి బాధ లేదు. గ్రేసీ, రాన్సొహాఫ్ అనే ఇద్దరు వైద్యులు వారిని ఏళ్ల తరబడి గమనించి 1982లో ఫలితం ప్రచురించారు. అయిదేళ్లలో నొప్పి వచ్చే అవకాశం 10 శాతం, పదేళ్లలో 15 శాతం, పదిహేనేళ్లలో 18 శాతం అని తేలింది. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు ఆ రాళ్లతోనే హాయిగా కాలం గడిపేశారన్నమాట. అందుకే బాధ పెట్టని రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ చేయరు. దీనికి మినహాయింపులు ఉన్నాయి. రాయి మరీ పెద్దదై సుమారు మూడు సెంటీమీటర్లు దాటినా, పక్కనే పెద్ద పాలిప్ ఉన్నా, సంచి గోడ సున్నంలా గట్టిపడినా లెక్క మారుతుంది. పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే గంగా తీర రాష్ట్రాల్లో సర్జన్లు మరికాస్త ముందుకెళ్లి ఆలోచిస్తారు. ఈ మినహాయింపుల్లో తన కేసు ఎక్కడుందో చెప్పమని అడగడం రోగి హక్కు. ‘రాళ్లున్నాయి కాబట్టి తీసేయాలి’ అన్నది జవాబు కాదు.

ఒకటి మాత్రం మరచిపోకూడదు. జ్వరంతో కూడిన నొప్పి, కళ్లు పచ్చబడడం, విడవని వాంతులు కనిపిస్తే అది తీరిగ్గా ఆలోచించే దశ కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అవసరం ఉందా లేదా అన్న ప్రశ్నను వదిలేస్తే ఏమవుతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు. తెలంగాణలో దాదాపు 8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. తెల్లబట్ట అవుతోందని, నెలసరి ఎక్కువగా ఉందని వెళ్లిన ముప్పయ్యేళ్ల అమ్మాయిలకు కూడా ‘ఇక పిల్లలు పుట్టేశారు కదా, తీసేస్తే పీడా పోతుంది’ అని చెప్పిన సందర్భాలు ఈ అంకెల వెనక ఉన్నాయి. అండాశయాలు కూడా పోతే ఎముకలు, గుండె ముందే ముసలివవుతాయని వారిలో ఎంతమందికి ఎవరు చెప్పారు? ఇతర రాష్ట్రాల నుంచి ఇలాంటి అనవసర ఆపరేషన్ల మీద వచ్చిన పిటిషన్‌పై 2023 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుంటే మొదటి డాక్టరు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం మనలో గట్టిగా ఉంది. మంచి సర్జన్ నొచ్చుకోరు. నొచ్చుకున్నా ఫర్వాలేదు, పొట్ట మనది.

ఆపరేషన్ కావాలనే తేలింది అనుకుందాం. ఇక ఎవరిచేత చేయించుకోవాలి?

1985 సెప్టెంబర్ 12న జర్మనీలోని బోబ్లింగెన్ అనే ఊళ్లో ఎరిక్ మూహె అనే సర్జన్ పొట్టను బారుగా కోయకుండా చిన్న రంధ్రం గుండా పిత్తాశయాన్ని తీశారు. తోటి సర్జన్లు మొదట ఆయన్ని పట్టించుకోలేదు. కొద్ది ఏళ్లు తిరిగేసరికి ల్యాప్రోస్కోపీ ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1990లో ముంబైలో తెహెమ్టన్ ఉద్వాడియా దీన్ని మొదలుపెట్టారు. నొప్పి తక్కువ, మచ్చ చిన్నది, మర్నాడే ఇల్లు. రోగులు అడిగారు, సర్జన్లు హడావుడిగా నేర్చుకున్నారు. ఆ హడావుడికి ఖరీదు ఎంతో కొద్దికాలానికే తెలిసింది. అమెరికాలో 55 మంది సర్జన్లు చేసిన 8,839 ఆపరేషన్లను 1995లో లెక్కగట్టి చూశారు. ప్రధాన పిత్తనాళం తెగిన కేసులు 15. వాటిలో 90 శాతం ఆయా సర్జన్ల మొదటి 30 ఆపరేషన్లలోపే జరిగాయి. మొట్టమొదటి కేసులో నాళం తెగే ప్రమాదం 1.7 శాతం ఉంటే, యాభయ్యో కేసు నాటికి అది పదో వంతుకు, 0.17 శాతానికి పడిపోయింది.

నాళం తెగడం ఎందుకంత పెద్ద విషయం? పిత్తాశయం నుంచి బయల్దేరే సన్నటి గొట్టం ఒకటి, కాలేయం నుంచి పేగుకు వెళ్లే ప్రధాన పిత్తనాళం ఇంకొకటి. మొదటిదాన్ని క్లిప్పు వేసి కత్తిరించాలి, రెండోదాని జోలికి పోకూడదు. రెండోది తెగితే పైత్యరసం కడుపులోకి కారుతుంది, కామెర్లు వస్తాయి. పేగును పైకి తెచ్చి కాలేయపు నాళానికి కుట్టే పెద్ద ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇబ్బందులు వెంటాడవచ్చు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉండి వద్దామని వెళ్లిన మనిషి జీవితం తలకిందులవుతుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో లారెన్స్ వే, ఆయన సహచరులు ఇలాంటి 252 గాయాలను వీడియోలతో సహా పరిశీలించి 2003లో ఒక విచిత్రమైన సంగతి చెప్పారు. చేతి నైపుణ్యం లోపించి జరిగినవి మూడు శాతమే. మిగతా 97 శాతంలో కారణం కంటి భ్రమ. పిత్తాశయాన్ని పట్టుకుని పైకి లాగినప్పుడు రెండు గొట్టాలూ ఒకే గీతలోకి వచ్చి ఒకటే అనిపిస్తాయి. సర్జన్ పెద్ద నాళాన్నే చిన్నదనుకుని, ఏ సందేహమూ లేకుండా కత్తిరిస్తాడు. తప్పు జరిగిందన్న సంగతి ఆ క్షణాన ఆయనకే తెలియదు.

ఈ భ్రమకు విరుగుడుగా సెయింట్ లూయిస్‌కు చెందిన స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు. కత్తెర పట్టే ముందు మూడు విషయాలు కంటికి కనబడి తీరాలి. పిత్తాశయానికీ కాలేయానికీ మధ్యనున్న త్రికోణంలోని కొవ్వు, పొరలు పూర్తిగా శుభ్రం కావాలి. పిత్తాశయం కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపడి, వెనక కాలేయం స్పష్టంగా కనిపించాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండంటే రెండే ఉండాలి: ఒక గొట్టం, ఒక ధమని. ఈ మూడూ కనపడకపోతే కత్తిరించకూడదు. వాపు ఎక్కువై అంతా అతుక్కుపోయి ఉంటే సంచిలో కొంత భాగాన్ని అలాగే వదిలేసి బయటపడాలి, లేదా పొట్ట తెరిచి చేయాలి, లేదా తనకంటే అనుభవం ఉన్న సర్జన్‌ని పిలవాలి. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరిచారంటే ఫెయిలయ్యారని బంధువులు అనుకుంటారు. నిజానికి చాలాసార్లు ఆ నిర్ణయమే రోగిని కాపాడుతుంది. ‘మాది వంద శాతం ల్యాప్రోస్కోపీ, తెరవాల్సిన పనే రాదు’ అని గొప్పగా చెప్పే చోట రెండుసార్లు ఆలోచించడం మంచిది.

సర్జన్‌కీ సర్జన్‌కీ తేడా ఎంత ఉంటుందో మిషిగన్‌లోనే ఇంకో పరిశోధన చూపించింది. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది తమ వీడియోలు ఇచ్చారు. పేర్లు తెలియకుండా తోటి సర్జన్లు వాటికి మార్కులు వేశారు. అడుగు పావువంతులో నిలిచినవారి రోగుల్లో 14.5 శాతం మందికి ఇబ్బందులు వస్తే, పైపావువంతువారి రోగుల్లో అది 5.2 శాతమే. 2013లో ఈ ఫలితం అచ్చయినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. అందరివీ అవే డిగ్రీలు, గోడమీద వేలాడేవి అవే సర్టిఫికెట్లు మరి.

రోగి ఆ వీడియోలకు మార్కులు వేయలేడు. అడగడం మాత్రం చేయగలడు. ఈ ఆపరేషన్ నెలకు ఎన్ని చేస్తారు? నాకు స్వయంగా మీరే చేస్తారా, మీ దగ్గర నేర్చుకుంటున్నవారు చేస్తారా? లోపల కష్టంగా ఉంటే ఏం చేస్తారు? మీ చేతిలో ఇబ్బంది వచ్చిన కేసులను ఎక్కడికి పంపిస్తారు? వీడియో తీస్తే కాపీ ఇస్తారా? ఈ ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పే సర్జన్ ఓపీ గదిలో అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకుంటారు. ఆ అయిదు నిమిషాల కోసం బయట కూచుని ఎదురుచూడడంలో నష్టం లేదు.

డిగ్రీ ఒక్కటే చాలదు, కానీ డిగ్రీ లేకుండా అసలు మొదలే లేదు. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీలో మూడేళ్ల ఎంఎస్, లేదా డీఎన్‌బీ చేసినవారు పిత్తాశయం ఆపరేషన్‌కు అర్హులు. ఆపైన ఎంసీహెచ్ చేసినవారు జీర్ణకోశం లాంటి ఒకే భాగం మీద మరో మూడేళ్లు గడిపినవారు. పేరు పక్కన వరసగా ఉండే మిగతా అక్షరాల్లో కొన్ని నెలల తరబడి నేర్చుకున్న ఫెలోషిప్‌లు, కొన్ని రెండు రోజుల వర్క్‌షాపులు. రోగికి ఆ తేడా బోర్డు చూస్తే తెలియదు, అడిగితేనే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, 2020 నుంచి జాతీయ స్థాయిలో నేషనల్ మెడికల్ కమిషన్ ఈ నమోదులు చూస్తాయి. కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో గానీ నంబరుతో గానీ ఎవరైనా వెతకవచ్చు. సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల పని.

పల్లెల్లో ఇంకో చిక్కుంది. ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవాలో చాలాసార్లు నిర్ణయించేది ఊళ్లోని ఆర్‌ఎంపీ. జ్వరానికీ దగ్గుకూ రాత్రీ పగలూ పలికే మనిషి కాబట్టి ఆయన మాట మీద ఊరికి నమ్మకం. ఆ నమ్మకానికి వెలకట్టి కేసుకు ఇంత అని ఇచ్చే ఆసుపత్రులున్నాయి. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం డాక్టర్లకు నిషిద్ధం. ఆ కమిషన్ చివరికి రోగి బిల్లులోనే కలుస్తుంది. అంతకంటే ఘోరం, అవసరం లేని ఆపరేషన్‌కు దారి తీయవచ్చు. ‘ఆ ఆసుపత్రికే ఎందుకు?’ అని ఆర్‌ఎంపీని కూడా అడగాలి.

ఇంతగా వెతికి సర్జన్‌ని ఎంచుకున్నవారు కూడా మత్తు డాక్టరు ఎవరో తెలియకుండానే థియేటర్‌లోకి వెళ్తారు. ఆపరేషన్ జరిగినంతసేపూ ఊపిరినీ గుండెనూ కాపాడేది ఆయనో ఆవిడో. తేదీకి కొద్దిరోజుల ముందే వారిని కలవాలి. మనవాళ్లు ‘ఫిట్‌నెస్ తీసుకోవడం’ అనేది ఇదే. దాన్ని రక్తపరీక్షలు, ఈసీజీ కాగితాల మీద సంతకంగా మాత్రమే చూడడం పెద్ద పొరపాటు. ఆ గదిలో మత్తు డాక్టరు రోగిని ఎదురుగా కూచోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక బయటికి చాపమంటారు. కొండనాలుక పూర్తిగా కనబడుతోందా, సగమే కనబడుతోందా, అసలు కనబడడం లేదా అని చూస్తారు. గొంతులోకి గొట్టం వేయడం ఎంత కష్టమవుతుందో దాన్నిబట్టి అంచనా కడతారు. ప్రపంచంలో ఏ దేశపు ఆసుపత్రిలోనైనా దీని పేరు మల్లంపాటి పరీక్ష. గుంటూరు జిల్లాలో పుట్టి బోస్టన్‌లో స్థిరపడిన శేషగిరిరావు మల్లంపాటి 210 మంది రోగులను పరీక్షించి 1985లో దీన్ని ప్రకటించారు. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ చూపు ఎందరి ప్రాణాలనో కాపాడింది. గుట్కా నమిలేవారిలో కొందరికి బుగ్గల లోపలి చర్మం బిగుసుకుని మూడు వేళ్లు కూడా పట్టనంతగా నోరు మూసుకుపోతుంది. అలాంటివారికి ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. ఆ సంగతి థియేటర్ బల్ల మీద కాకుండా ముందే తెలియాలి.

మత్తు వైద్యంతో తెలుగు నేలకున్న బంధం ఇంకా పాతది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగులు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వం ఖర్చు భరించి హైదరాబాద్‌లో రెండు కమిషన్లు నడిపించింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి సూత్రధారి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రముఖుడు కూడా వచ్చారు. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండండి అన్నది లారీ వాదన. ఆయన దగ్గర పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. క్లోరోఫాం నేరుగా గుండెను కూడా ఆపగలదని తర్వాత 1911లో తేలింది కాబట్టి లారీ చెప్పినదాంట్లో సగమే నిజం. ఇప్పుడు ఊపిరి, నాడి, రక్తంలోని ఆక్సిజన్ మూడింటినీ ప్రతిక్షణం తెర మీద చూస్తారు. చూసే యంత్రాలూ, చూసే మనిషీ ఆ ఆసుపత్రిలో ఉన్నారా అన్నదే రోగి కనుక్కోవాల్సిన విషయం. ఒకే మత్తు డాక్టరు ఒక పూటలో మూడు ఆసుపత్రులు తిరిగే ఊళ్లున్నాయి. ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేదాకా ఎవరుంటారని అడగడానికి సంకోచించకూడదు.

ఇక రోగి చేతిలో ఉన్న పని. అన్నిటికంటే ముందు పొగ. తుంటి, మోకాలి మార్పిడికి సిద్ధమవుతున్న 120 మంది పొగతాగేవారితో డెన్మార్క్‌లో ఒక పరీక్ష చేశారు. సగం మందికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మాన్పించే సాయం చేశారు. 2002లో వచ్చిన ఫలితాల్లో, సాయం అందినవారిలో 18 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి, అందనివారిలో 52 శాతం మందికి. ఏ ఖరీదైన మందూ ఇంత లాభం ఇవ్వదు. బీడీ అయినా చుట్ట అయినా ఇదే లెక్క. షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 8 దాటి ఉంటే దాన్ని దించుకోవడానికి తేదీ జరుపుకోవడమే మేలు. పుండు మానడం, చీము పట్టడం చాలావరకు దాని మీదే ఆధారపడతాయి.

మందుల విషయంలో దాపరికం ప్రాణాంతకం. గుండెకు స్టెంట్ పడినవారు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటూ ఉంటారు. ఎవరో చెప్పారని వాటిని సొంతంగా ఆపేస్తే స్టెంట్ పూడుకుపోవచ్చు, ఆపకుండా వెళ్తే రక్తం ఆగకపోవచ్చు. ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. షుగర్‌కి ఇప్పుడు విరివిగా వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను కనీసం మూడు రోజుల ముందు ఆపాలని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సూచించింది. పస్తుతో ఇవి కలిస్తే, షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు ప్రమాదస్థాయికి పెరగవచ్చు. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో, బదులుగా ఏం వేసుకోవాలో షుగర్ డాక్టరే చెప్పాలి. బరువు తగ్గడానికి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. కీళ్లనొప్పులకని ఊళ్లో ఇచ్చిన పేరులేని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. దాన్ని ఎక్కువకాలం వాడినవారి ఒళ్లు ఆపరేషన్ ఒత్తిడిని తట్టుకోలేకపోవచ్చు. అందుకే ఆయుర్వేదం, హోమియో, నాటుమందు ఏదైనా సరే, ఇంట్లో ఉన్న సీసాలు, స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టరు బల్ల మీద పెట్టడం మంచి పద్ధతి.

పరగడుపున రమ్మనడం వెనక కూడా ఒక కథ ఉంది. న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ అనే వైద్యుడు 44,016 గర్భిణుల రికార్డులు తిరగేసి, మత్తులో ఉండగా కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన 66 కేసులు గుర్తించి 1946లో ప్రచురించారు. ఇద్దరు గట్టి ఆహారం అడ్డుపడి ఊపిరాడక చనిపోయారు. మత్తులో పొలమారి దగ్గే శక్తి ఉండదు, అదే అసలు ప్రమాదం. దాంతో రాత్రి నుంచే ఏమీ ముట్టకూడదన్న ఆచారం స్థిరపడిపోయింది. ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అంత కఠినం కావు. మామూలుగా మంచినీళ్లు రెండు గంటల ముందుదాకా తాగవచ్చు. పాలు, ఇడ్లీ లాంటి తేలిక ఆహారం ఆరు గంటలు, వేపుళ్లు, బిర్యానీ ఎనిమిది గంటలు. పాలు కలిపిన కాఫీ, మజ్జిగ నీళ్ల కిందికి రావు. గడువులు రోగిని బట్టి మారతాయి కాబట్టి మత్తు డాక్టరు మాటే చివరి మాట. మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్న డెబ్బయ్యేళ్ల పెద్దావిడను ముందురోజు రాత్రి నుంచి చుక్కనీరు లేకుండా ఎండబెట్టడం మాత్రం అన్యాయం. తాగించిందని కోడలిని తిట్టే ముందు ఎన్ని గంటలైందో లెక్క చూడాలి.

ఆ రోజు ఉదయం ఆపరేషన్ చోట బ్లేడుతో గొరగడం ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. బ్లేడు కంటికి కనబడని గాట్లు పెడుతుంది, క్రిములు అక్కడ చేరతాయి. తప్పనిసరైతే క్లిప్పర్‌తో మాత్రమే వెంట్రుకలు తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. హెర్నియా, మోకాలు, కన్ను లాంటివాటికి ఎడమా కుడా అన్నది మెలకువలో ఉండగానే రోగిని అడిగి పెన్నుతో గుర్తు పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2008లో తెచ్చిన 19 అంశాల ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్ట్‌ను ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమలు చేసినప్పుడు మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాగితం మీద టిక్కులు పెట్టడం వేరు, కోత పెట్టే ముందు గదిలో ఉన్న అందరూ ఒక్క నిమిషం ఆగి రోగి పేరు, ఆపరేషన్ పేరు పైకి చెప్పుకోవడం వేరు. మీ థియేటర్‌లో ఆ నిమిషం ఆగుతారా అని ముందే అడగవచ్చు.

సంతకం గురించి సుప్రీం కోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు ప్రతి రోగికీ తెలిసి ఉండాలి. అధిక రక్తస్రావంతో బాధపడుతున్న 44 ఏళ్ల అవివాహిత 1995లో ఢిల్లీలోని ఒక క్లినిక్‌కు వెళ్లింది. ల్యాప్రోస్కోపీతో లోపల పరీక్షించడానికి ఒప్పుకుని సంతకం పెట్టింది. ఆమె మత్తులో ఉండగా బయట కూచున్న తల్లిచేత ఇంకో సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె మెలకువ వచ్చాక అడిగే వీలున్నప్పుడు, తల్లి సంతకం చెల్లదని కోర్టు తేల్చి చెప్పింది. ఒకదానికి ఇచ్చిన అనుమతి ఇంకోదానికి వర్తించదు. ఇంత స్పష్టమైన తీర్పు ఉన్నా, మన ఆసుపత్రుల్లో ఇంగ్లిష్‌లో ఉన్న నాలుగు కాగితాల మీద స్ట్రెచర్ పక్కన నిలబెట్టి సంతకాలు పెట్టించుకోవడం ఆగలేదు. ఆ కాగితాన్ని ముందురోజే అడిగి తీసుకోవాలి. తెలుగులో చదివించుకోవాలి. పిత్తాశయం కేసులో పొట్ట తెరవాల్సి రావచ్చన్న మాట అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఆపరేషన్ తర్వాత రెండు రోజులు కుడి భుజం లాగితే భయపడక్కర్లేదు. పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ను చికాకు పెట్టడం వల్ల అలా ఉంటుంది. అదే సాయంత్రం లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. గుర్తుంచుకోవాల్సిన కొలత ఒకటే: రోజురోజుకూ బాగుండాలి. మూడో రోజున నొప్పి ముందురోజు కంటే ఎక్కువైనా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, కళ్లు పసుపు రంగుకు తిరిగినా పైత్యరసం కారుతోందేమోనని అనుమానించాలి. ఫోన్లో గ్యాస్ మాత్ర రాయించుకుని సరిపెట్టుకోకుండా వెనక్కి వెళ్లాలి. ఆపరేషన్ చేసిన చోట పట్టించుకోకపోతే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఎంత త్వరగా గుర్తిస్తే బాగుచేయడం అంత తేలిక. కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. ఇంకో ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అవే ఆధారం.

చివరిగా బయటికి తీసిన పిత్తాశయం సంగతి. రాళ్లను చిన్న డబ్బాలో వేసి ఇంటికి ఇస్తారు, బంధువులంతా వాటిని చూసి ఆశ్చర్యపోతారు. సంచి మాత్రం ల్యాబ్‌కు వెళ్లాలి. అరుదుగా దాని గోడలో పైకి కనబడని క్యాన్సర్ బయటపడుతుంది. అలా బయటపడిన వారికి ఇంకో ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఆ పరీక్షలోనే తేలుతుంది. ఆ రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. అప్పటికి కుట్లు మానిపోయి, మనిషి పనిలో పడిపోయి ఉంటాడు కాబట్టి చాలా ఇళ్లలో దాన్ని తెచ్చుకునేవారే ఉండరు. డిశ్చార్జ్ రోజునే బయాప్సీకి పంపారా, రిపోర్టు ఏ తేదీకి వస్తుంది, ఎవరి దగ్గర తీసుకోవాలి అని అడిగి ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోవాలి.